దోమ కడుపులో దొరికిన జవాబు



మీ ఇంటి చుట్టూ ఒకసారి చూడండి. వాకిట్లో వేపచెట్టు ఉంది. గంప కింద కోడి పొదుగుతోంది. కొట్టంలో గేదె నెమరు వేస్తోంది. ఇవన్నీ ప్రాణమున్నవే. ఇవి ఆహారం తీసుకుంటాయి. పెరుగుతాయి. తమలాంటి వాటిని పుట్టిస్తాయి. ఒకనాటికి చనిపోతాయి. రాయికి, రోకలికి ఈ గుణాలు లేవు.

ప్రాణమున్న వాటిని గురించి తెలుసుకొనే చదువే జీవశాస్త్రం. పేరు పెద్దది. విషయం మాత్రం మీకు కొత్త కాదు. కోడిగుడ్డు 21 రోజులకు పిల్ల అవుతుందని మీకు తెలుసు. గోరువెచ్చని పాలలో చెంచాడు మజ్జిగ వేస్తే పెరుగు తోడుకుంటుందని తెలుసు. మరిగే పాలలో వేస్తే తోడుకోదని కూడా తెలుసు. ఎందుకు? మజ్జిగలో కంటికి కనపడని జీవులున్నాయి. అవే పాలను పెరుగు చేస్తాయి. మరిగే వేడికి అవి చచ్చిపోతాయి.

మరి శాస్త్రవేత్తలు చేసే పనేమిటి? వాళ్లు శ్రద్ధగా చూస్తారు. ఎందుకు అని అడుగుతారు. ఇలా అయి ఉండవచ్చని ఊహిస్తారు. ఆ ఊహ నిజమా, కాదా అని పరీక్ష చేస్తారు. చూసింది చూసినట్టు రాసిపెడతారు. ఊహ తప్పని తేలితే వదిలేస్తారు. సికింద్రాబాదులో ఒకసారి ఇలాగే జరిగింది. ఆ సంగతి వినండి.

చలిజ్వరం ఎక్కడిది?

ఒళ్లంతా వణుకు. తర్వాత కాలిపోయే జ్వరం. తర్వాత చెమట. మళ్లీ ఒక రోజు విడిచి అదే వరస. ఇదే మలేరియా. అడవి ప్రాంతాలకు వెళ్లొచ్చినవాళ్లకు ఎక్కువగా వచ్చేది. అందుకని మన్యం జ్వరం అన్నారు. "అక్కడి నీళ్లు పడలేదు" అన్నారు. ఇటలీ దేశంలో చెడ్డ గాలి వల్ల వస్తుందనుకున్నారు. మలేరియా అనే మాటకు అర్థం కూడా చెడ్డ గాలి అనే.

1880లో లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు ఆఫ్రికాలోని అల్జీరియాలో పనిచేసేవాడు. ఆయన మలేరియా రోగి రక్తాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. రక్తంలో ఒక సూక్ష్మజీవి కదులుతూ కనిపించింది. జ్వరానికి కారణం గాలి కాదు, ఒక జీవి! అయితే అది ఒకరి రక్తంలో నుంచి ఇంకొకరి రక్తంలోకి ఎలా పోతోంది? ఈ ప్రశ్న మిగిలిపోయింది.

ఒక ఊహ తప్పింది

రోనాల్డ్ రాస్ ఇంగ్లీషు సైన్యంలో డాక్టరు. ఆయన 1857లో మన దేశంలోనే, అల్మోరాలో పుట్టాడు. 1895లో సికింద్రాబాదులో ఈ ప్రశ్న పట్టుకొని పనికి కూర్చున్నాడు. దోమ మీద అనుమానం కలిగించింది లండన్ డాక్టరు మాన్సన్. ఆయన ఊహ ఇది: దోమ రోగి రక్తం తాగుతుంది. తర్వాత నీళ్లలో పడి చస్తుంది. ఆ నీళ్లు తాగినవాళ్లకు జ్వరం వస్తుంది.

వినడానికి బాగానే ఉంది కదా! రాస్ మాత్రం పరీక్ష చేయకుండా నమ్మలేదు. దోమలు చచ్చిన నీళ్లను, ఒప్పుకున్న కొందరి చేత తాగించి చూశాడు. మొదట ఒకతనికి కొద్దిగా జ్వరం వచ్చింది. రాస్ సంబరపడ్డాడు. కానీ ఒక్కసారితో ఆపలేదు. మళ్లీ మళ్లీ చేశాడు. ఆ నీళ్ల వల్ల మలేరియా వస్తుందని తేలలేదు. ఆ ఊహ వదిలేశాడు.

ఆగస్టు 20

రాస్ దోమలను కోసి చూడడం మొదలుపెట్టాడు. దోమ పొట్ట ఆవగింజంత కూడా ఉండదు. దాన్ని సూదులతో విప్పి, మైక్రోస్కోపు కింద వెదకాలి. ఎన్ని దోమలను కోసినా ఏమీ దొరకలేదు. ఎందుకని? దోమల్లో చాలా జాతులున్నాయి. ఆయన కోసినవి మలేరియా మోసే జాతివి కావు. ఆ సంగతి ఆయనకు అప్పటికి తెలియదు.

1897 ఆగస్టులో సహాయకులు కొత్త రకం దోమలు తెచ్చారు. వాటి రెక్కల మీద మచ్చలున్నాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని ఆ దోమల చేత కుట్టించారు. ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చారు. నాలుగు రోజుల తర్వాత, ఆగస్టు 20న, రాస్ వాటిలో ఒక దోమను కోశాడు. పొట్ట గోడలో గుండ్రని కణాలు కనిపించాయి. వాటిలో నల్లని చుక్కలున్నాయి. మలేరియా రోగి రక్తంలోని సూక్ష్మజీవిలోనూ అలాంటి నల్లని చుక్కలే ఉంటాయి! మర్నాడు ఇంకో దోమను కోశాడు. అందులో ఆ కణాలు ఇంకా పెద్దవయ్యాయి. అంటే అవి దోమ కడుపులో పెరుగుతున్నాయన్నమాట.

1898లో రాస్ కలకత్తాలో పక్షుల మీద పరీక్షలు చేశాడు. సూక్ష్మజీవి దోమ పొట్టలో నుంచి దాని ఉమ్మిలోకి చేరుతుందని, కుట్టినప్పుడు కొత్త ప్రాణి ఒంట్లోకి పోతుందని తేల్చాడు. అదే ఏడు మనుషుల మలేరియాను మోసేది అనాఫిలస్ జాతి దోమ అని ఇటలీ శాస్త్రవేత్తలు రుజువు చేశారు. ఒకరి పని ఇంకొకరు పరీక్షించి, ముందుకు తీసుకుపోయారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు "నీళ్లు పడలేదు" అన్న పాత మాట గుర్తు చేసుకోండి. అది వట్టి మాట కాదు. పూర్తి నిజమూ కాదు. జ్వరం తాగే నీళ్లలో లేదు. కానీ దోమ గుడ్లు పెట్టేది నీళ్లలోనే. మగదోమ కుట్టదు. ఆడదోమే కుడుతుంది. గుడ్లు తయారు కావడానికి దానికి రక్తం కావాలి. పాత మాటను గుడ్డిగా నమ్మకూడదు. ఊరికే తీసిపారేయకూడదు. పరీక్ష చేసి చూడాలి.

మీరూ చేసి చూడండి

తొట్టిలోనో గుంటలోనో నిలవ ఉన్న నీళ్లలో సన్నని పురుగులు మెలికలు తిరుగుతుంటాయి. అవి దోమ పిల్లలు. ఆ నీళ్లు కొన్ని గాజు గ్లాసులో పోయండి. పైన పలుచని గుడ్డ గట్టిగా కట్టండి. రోజూ చూడండి. పురుగు నీటిపైన చదునుగా పడుకొని ఉంటే అది అనాఫిలస్ పిల్ల. తల కిందికి పెట్టి ఏటవాలుగా వేలాడితే వేరే జాతి. కొన్ని రోజులకు పురుగు వంకర తిరిగిన గూడులా మారుతుంది. ఆ తర్వాత దోమ బయటికి వస్తుంది. ఏ తేదీన ఏమి చూశారో పలక మీద కాదు, పుస్తకంలో రాయండి. రాసిపెట్టింది రేపు పక్కింటి ఆమెకు చూపించవచ్చు. చూడడం అయ్యాక గుడ్డ విప్పకుండానే పైనుంచి మరిగే నీళ్లు పోసి వాటిని చంపేయండి.

ఎండకాలపు వేడికి గుడ్డు దోమ కావడానికి ఎనిమిది, పది రోజులు చాలు. అందుకే వారానికి ఒకసారి తొట్టి, కుండీ ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టాలి. దోమతెర కట్టుకొని పడుకోవాలి.

బిడ్డకు చలిజ్వరం వస్తే "గాలి సోకింది" అని తాయెత్తు కట్టి కూర్చోవద్దు. ఒక రకం మలేరియా కొద్ది రోజుల్లోనే మెదడుకెక్కి ప్రాణం తీస్తుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు ప్రమాదం ఇంకా ఎక్కువ. వెంటనే ఆశా కార్యకర్త దగ్గరకో, ఆసుపత్రికో వెళ్లండి. వేలి చివర నుంచి ఒక్క చుక్క రక్తం తీసి అక్కడ పరీక్ష చేస్తారు. మలేరియా అని తేలితే, జ్వరం తగ్గినా సరే, ఇచ్చిన మాత్రలన్నీ వాడాలి. మాత్రలు మధ్యలో ఆపితే ఒంట్లో మిగిలిన సూక్ష్మజీవులు మళ్లీ పెరుగుతాయి. వాటిని ఇంకో దోమ పక్కింటికి మోసుకుపోతుంది.