గుండెలోని గాదె



ముప్పదియైదేండ్లు వ్యాకరణము బోధించి విశ్రాంతి గొన్నవాడను నేను, శాస్త్రజ్ఞుడను గాను. అయినను భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము చదువుచుండగా నాకొక సందేహము కలిగినది. అది తీరిన విధమే నేటి ప్రసంగము.

1927లో అమెరికాయందు హార్వర్డు వైద్యకళాశాలలో ఫిస్కేగారును సుబ్బారావుగారును కండరములందు ఫాస్ఫోక్రియేటిన్ అను పదార్థము కలదని కనుగొనిరి. అది మిక్కిలి సుకుమారము; ఆమ్లము తగిలినచో విడిపోవును. కండరమును కోసి, నూరి, రసము తీసిన గాని ఆనాడు దాని లెక్క తేలదు. నూరిన పిమ్మట తేలిన లెక్క ప్రాణమున్ననాటి లెక్కయేనా? ఇదియే నా సందేహము.

సమాధానము రేడియో తరంగములవలన వచ్చినది. బలమైన అయస్కాంతము నడుమనున్న పరమాణు కేంద్రకము, తనకు తగిన తరంగము సోకగానే బదులు పలుకును. ఈ ధర్మమును 1946లో బ్లాఖ్, పర్సెల్ అను వారలు వేర్వేరుగా వెల్లడించిరి. భాస్వరము ఏ పదార్థమునందున్నదో దానినిబట్టి దాని స్వరము ఇంచుక మారును. నల్లబల్లవైపు తిరిగి వ్రాయుచున్నను, వెనుక మాటాడిన బాలుడెవడో ఉపాధ్యాయుడు గొంతునుబట్టి చెప్పును గదా! ఇదియు నట్టిదే.

1974లో ఆక్స్‌ఫర్డునందు రాడా, రిచర్డ్స్ మొదలగువారు ఎలుక కాలికండరమును నూరకయే అందలి భాస్వర పదార్థములను గుర్తించిరి. 1977లో కొట్టుకొనుచున్న ఎలుకగుండెనే పరీక్షించిరి. ధమనిగుండ ప్రాణవాయువు కలిపిన వెచ్చని ద్రవమును పంపి, వేఱుచేసిన గుండెను కొంతకాలము బ్రదికించు ఉపాయము 1895లో జర్మనీయుడగు లాంగెన్‌డార్ఫ్ చూపినదే. వేఱు చేయుట యెందుకనగా, దేహమందున్నచో చుట్టుపట్ల కండరముల స్వరములు గుండెస్వరముతో కలిసిపోవును.

ఆ గుండె చెప్పిన దేమి? ఏ.టి.పి. అనునది చేతిలోని రొక్కము; ఫాస్ఫోక్రియేటిన్ గాదెలోని ధాన్యము. జలధార నాపగానే గాదె వేగముగా తరుగును; రొక్కము కొంతసేపు నిలుచును. విడివడిన భాస్వరపు స్వరము హెచ్చి, తన స్థానమునుండి జరుగును; ఆ జరుగుటనుబట్టి కణములలోని పులుపెంతయో లెక్కింతురు. సకాలమున ధార విడిచినచో గాదె మరల నిండును. ఆలస్యమైనచో గుండె కోలుకొనదు. ఆ యేడే మార్పిడికై నిలువచేయు మూత్రపిండమును గూర్చియు ఇట్టి పరీక్షలే జరిగినవి. అవయవము దానముగా పొందు రోగికి ఈ లెక్క ప్రాణసమానము.

నూరుట తప్పినది గాని ఎలుకకు మరణము తప్పలేదు. దీనిని మఱచి విజ్ఞానమును పొగడుట నాకు సమ్మతము గాదు. అయితే ఆ మూగజీవముల గుండెలు నేర్పిన భాషతోడనే 1981లో ఒక రోగి ముంజేతి కండరమును, కత్తి తాకింపకయే, పరీక్షించి వ్యాధి నెరిగిరి. సుబ్బారావుగారు నూరి కనుగొన్న ధాన్యమును నేడు గాదె పగులగొట్టకయే కొలువ వచ్చును. నా సందేహము తీరినది. ఋణము మాత్రము మిగిలినది.