సూది గ్రుచ్చుకొన్న వ్రేలు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



పత్తియు మిరపయు పండు ఈ నల్లరేగడి సీమకు పైరు ఒక కన్నైనచో పాడి రెండవ కన్ను. ఒంగోలు జాతి పేరు బ్రెజిలు దేశముదాక ప్రాకినది. అచ్చటివారు దానిని నెలోరు అని పిలుతురు. అట్టి పశుసంపదను కాపాడు పశువైద్యశాలలో, ఎవరును తలపని వేళ జరుగు ఒక చిన్న ప్రమాదమును గూర్చియే ఈ ప్రసంగము.

పెయ్యదూడకు 4 నుండి 8 నెలల వయసులో బ్రూసెల్లా టీకాను ఒక్కమారు వేయుదురు. 2019లో దేశమంతట ఆరంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమములో గాలికుంటుతోపాటు ఈ వ్యాధియు చేరినది. ఇది సోకిన పశువు నెలలు నిండకమునుపే ఈసుకొనిపోవును. రైతునకు దూడయు పోవును, పాలును పోవును.

టీకావేళ యజమాని పలుపును వదులుగా పట్టును. పెయ్య ఒక్కసారిగా ఎగిరిపడును. సూది దూడ మెడను తప్పి టీకా వేయువాని బొటనవ్రేలిలో దిగును. కనబడునది ఒక్క రక్తపు బొట్టు. చుట్టునున్నవారు నవ్వుదురు, అతడును వ్రేలు తుడుచుకొని తరువాతి దూడకడకు పోవును. కీడంతయు ఈ తుడుచుకొనుటలోనే యున్నది. ఆ మందులో నున్నవి చచ్చిన క్రిములు కావు. బలము తగ్గిన సజీవక్రిములు. దూడకు రక్షయైనదే మనుష్యునకు జ్వరము కాగలదు.

కొన్ని వారములు గడచును. జ్వరము, చెమటలు, కీళ్లనొప్పులు మొదలగును. తగ్గినట్లే తగ్గి మరల వచ్చును. అప్పటికి సూది మాట రోగికే జ్ఞాపకముండదు. చెప్పనిదానిని వైద్యుడెట్లు గ్రహింపగలడు?

అమెరికాలో ఆలిస్ ఇవాన్స్ అను శాస్త్రజ్ఞురాలు, ఆవులలోని ఈ క్రిమియు మాల్టా జ్వరపు క్రిమియు దగ్గరి చుట్టములని 1918లో ప్రకటించెను. పచ్చిపాలు ప్రమాదకరములని హెచ్చరించెను. పలువురు నమ్మలేదు. 1922లో ప్రయోగశాలలో ఆ క్రిమియే ఆమెకు సోకెను. ఏండ్లతరబడి జ్వరము తిరుగబెట్టుచుండగా, అది ఆమె ఊహయే యన్న వైద్యులును ఉండిరి. టీకా కథ మరియు చిత్రము. 1923లో జాన్ బక్ ఒక జెర్సీ ఆవుపాలనుండి క్రిములను వేరుచేసెను. ఏడాదికి పైగా గదిలో ఊరక పడియున్నందున వాని ఉగ్రత తగ్గెను. అదియే ఎస్ 19 టీకా అయ్యెను. ఒక పరాకు లోకమునకు మేలు చేసినది. వ్రేలి విషయమున పరాకు అట్టిది కాదు.

సూది గ్రుచ్చుకొన్నచో వెంటనే పారునీటితో, సబ్బుతో గాయమును కడుగవలెను. కంటిలో చిందినచో మంచినీటితో చాలసేపు కడుగవలెను. ఆనాడే వైద్యుని దర్శించి, మందుసీసాను చూపి, జరిగినది చెప్పవలెను. సాధారణముగా మూడు వారములపాటు నివారణమునకై మందు లిత్తురు.

గ్రామస్థుల ధర్మమును కలదు. పెయ్యను గట్టిగా కట్టి పట్టవలెను. పశువు ఈసుకొన్నచో పిండమును, మాయను వట్టిచేతులతో తాకరాదు. సున్నము చల్లి లోతుగా పూడ్చవలెను. పాలు పొంగువరకు కాచియే త్రాగవలెను.

చిట్టాకెక్కని చిన్న పద్దే ఏడాది చివర లెక్కను తారుమారు చేయును. సూదిపోటును అట్టి పద్దు కానీయరాదు. వ్రేలు చూచి నవ్వుటకు మారుగా, వైద్యునికడకు తోడు పోవువాడే నిజమైన ఇరుగుపొరుగు. ఇరువదియైదేండ్లు ఈ గ్రంథాలయము బోధించిన చదువునకు ఫలము అదియే.

స్వస్తి.