ముస్లిం స్త్రీని అడగని చరిత్ర

(పోచంపల్లిలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోచంపల్లి అనగానే చీరె గుర్తొస్తుంది, ఆ తర్వాత భూదానం గుర్తొస్తుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్న రోజును ఈ ఊరు మర్చిపోలేదు. దానికి రెండున్నరేళ్ళ ముందు, 1948లో, అప్పటి నల్లగొండ జిల్లా ముస్లిం స్త్రీలు ఏం అనుభవించారో మాత్రం మనం మాట్లాడుకోం. ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

రజాకార్ల అకృత్యాలు మనకు తెలుసు. ఖాసిం రజ్వీ నాయకత్వంలో ఆ దళాలు ఊళ్ళు తగలబెట్టాయి, స్త్రీలను చెరిచాయి. బైరాన్‌పల్లిని మర్చిపోలేం, మర్చిపోకూడదు. అయితే వాళ్ళు ఇదంతా ముస్లింల పేరు మీద చేశారు. ఆ పేరు వాడుకునే ముందు ముస్లిం స్త్రీని ఎవరూ అడగలేదు. కాదన్న ముస్లింలను వాళ్ళు బతకనివ్వలేదు. 1948 ఆగస్టులో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాదు నడివీధిలో చేయి నరికి, కాల్చి చంపారు. ఆ ఇంటి ఆడవాళ్ళ దుఃఖం కూడా ముస్లిం స్త్రీల దుఃఖమే.

సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. తర్వాత ప్రతీకారం మొదలైంది. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ సంస్థానం మొత్తం మీద 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ జిల్లాల్లో కలిపి కనీసం 5 వేలు అంది. స్త్రీలను చెరచడం, ఎత్తుకుపోవడం గురించి కూడా రాసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు తొక్కిపెట్టారు. రజాకారు చేసిన నేరానికి, అతనెవరో కూడా తెలియని స్త్రీ శిక్ష అనుభవించింది. రెండు వైపుల మతోన్మాదానికీ స్త్రీ శరీరమే 'పరువు'. పితృస్వామ్యానికి మతభేదం లేదు.

ఇందులో నా తప్పు కూడా ఉంది. పిహెచ్‌డి కోసం ఈ జిల్లా ఊళ్ళు తిరిగాను. అరుగుల మీద మగవాళ్ళు పోలీసు చర్య గురించి చెప్పారు, నేను రాసుకున్నాను. ఒక ఇంట్లో ముసలమ్మ తలుపు వారగా నిలబడి అంతా విన్నది. నేను లేస్తుంటే, "ఆళ్ళనే అడిగినవ్, నన్నడగవా బిడ్డా?" అంది. బస్సుకు టైమైందని వచ్చేశాను. మళ్ళీ వెళ్ళేసరికి ఆమె లేదు. నా థీసిస్‌లోనూ లేదు.

ఇది పాత కథ అనుకోకండి. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో 5 గురు చనిపోయారు. అనుమానం పేరుతో ముస్లిం యువకులనే పట్టుకుపోయారు. వాళ్ళ మీద నేరం రుజువు కాలేదు. 2018లో, విచారణ ఎదుర్కొన్న వేరే ఐదుగురినీ కోర్టు నిర్దోషులంది. మరి చంపిందెవరు? బిడ్డను పోగొట్టుకున్న తల్లికీ, బిడ్డ కోసం పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగిన తల్లికీ జవాబు లేదు.

అడిగితే చెప్తారు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో జమాలున్నీసా బాజీ, రజియా బేగం తమ కథ తామే చెప్పుకున్నారు. 1948లో పదేళ్ళున్న పిల్లలు ఇప్పుడు ఎనభై అయిదు దాటారు. మీ ఊళ్ళో ఉంటే వెళ్ళి కూర్చోండి. కొడుకులు పక్కన లేనప్పుడు, ఆమె భాషలో అడగండి. చెప్పనంటే బలవంతపెట్టకండి. ఒప్పుకోకుండా పేరు రాయకండి. బస్సు పోతే పోనివ్వండి.