గాయపడిన చేయి, కాలేజి యెన్నిక
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



అమెరికాలో స్థిరపడిన మన కుటుంబముల బాలురు కొందఱు బేస్‌బాల్ ఆడుచున్నారు. వారిలో నొకడు మా అన్నగారి కుమారుడు. ఒక గొప్ప విశ్వవిద్యాలయపు జట్టు అతనిని కోరినదని 2022 మహాసభలో ప్రకటింపబడినప్పుడు మనమందఱము కరతాళధ్వనులు చేసితిమి. 2023 వసంతమున, హైస్కూలు పదునొకండవ తరగతిలో నుండగా, బంతి విసరుచునే అతడు మోచేయి పట్టుకొని కూలబడెను. ఆ యేటి మహాసభకు అతడు రాలేదు. ఏల రాలేదో మనమడుగను లేదు.

మోచేతి లోపలివైపున ఎముకలను కట్టియుంచు బంధనము తెగినది. 1974లో డాక్టరు ఫ్రాంక్ జోబ్ టామీ జాన్ అను ప్రసిద్ధ పిచ్చరునకు, శరీరములోని వేఱొకచోటి స్నాయువును తెచ్చి కూర్చి బాగుచేసెను. ఆ పద్ధతినే ఇతనికిని చేసిరి. టామీ జాన్ 1976లో మరల ఆటకు వచ్చి 1989 వఱకు ఆడెను. అతని 288 విజయములలో 164 శస్త్రచికిత్సకు పిమ్మటివే. ఈ కథను మా యింట నిత్యము చెప్పుకొంటిమి. కాని టామీ జాన్ అప్పటికే వృత్తిలో నిలదొక్కుకొన్నవాడు. చికిత్స పిమ్మట పిచ్చరు పోటీలో దిగుటకు సామాన్యముగా 12 మొదలు 18 నెలలు పట్టును. హైస్కూలు బాలుని కాలేజి కోచ్‌లు పరీక్షించి యెన్నుకొను కాలము సరిగా ఆ నెలలే!

విశ్వవిద్యాలయపు మాట క్రమముగా చల్లబడెను. నోటిమాట ఎవరిని బంధించును? రావచ్చును గాని విద్యార్థివేతనము లేదనిరి. అప్పుడు మా యెదుట మూడు మార్గములు నిలిచెను.

మొదటిది, సొంత సొమ్ముతో ఆ గొప్ప విశ్వవిద్యాలయమునకే పోవుట. ఆనాడు మొదటి శ్రేణి బేస్‌బాల్ జట్టునకు 11.7 విద్యార్థివేతనములే పరిమితి. వానిని అనేకులు పంచుకొనవలసినదే. 2025లో కోర్టు ఆమోదించిన రాజీ పిమ్మట, దానిలో చేరిన విశ్వవిద్యాలయములకు ఆ పరిమితి తొలగి, జట్టు 34 మందికి పరిమితమయ్యెను. కోలుకొనుచున్న చేతికి అట్టిచోట తావు దొరకుట కష్టము.

రెండవది, రెండేండ్ల జూనియర్ కాలేజి. వ్యయము తక్కువ, చేయి కోలుకొన్న పిమ్మట నాలుగేండ్ల కాలేజీకి మాఱవచ్చును. దీనిని చిన్నతనముగా తలంచుట మన పొరపాటు.

మూడవది, మూడవ శ్రేణికి చెందిన చిన్న కాలేజి. అచ్చట ఆటకు విద్యార్థివేతనము లేదు. కాని చదువునుబట్టియు, కుటుంబపు అవసరమునుబట్టియు సహాయము దొరకును. చేయి బాగుపడకున్నను ఆ సహాయము పోదు.

మా అన్నగారు మొదటిదానినే పట్టుబట్టిరి. కారణము చదువు కాదు, ఆట కాదు. సభలో ప్రకటించిన మాట. ఒకనాటి రాత్రి నేను బాలుని, “నీ చేయి ఎన్నటికిని బాగుపడదనుకొందము. అప్పుడును నీవు ఉండగోరు కాలేజి ఏది?” అని యడిగితిని. అతడు చాలసేపు మాటలాడలేదు. తుదకు, జీవశాస్త్ర ప్రయోగశాల చూచివచ్చిన చిన్న కాలేజి పేరు చెప్పి, “నాన్నగారితో మీరే చెప్పండి, బాబాయ్” అనెను. తండ్రికి చెప్పుటకు వాడు జంకినది మన చప్పట్లకు వెఱచియే.

2024లో అతడందు చేరెను. 2025 వసంతమున కొలది ఇన్నింగ్సులు మాత్రమే విసరెను. మునుపటి వేగము రాలేదు. చదువు సాగినది.

తల్లిదండ్రులకు రెండు మాటలు. నొప్పిని దాచనీయకుడు, దాచిన గాయము కోచ్‌నకు తెలియక మానదు, చేతికిని మేలుచేయదు. 2014లో వెలువడిన పిచ్ స్మార్ట్ నియమములు 17, 18 ఏండ్లవారికి దినమునకు 105 బంతులు మించరాదనియు, 80 దాటినచో నాలుగు దినముల విశ్రాంతి కావలెననియు చెప్పుచున్నవి. మ్యాచి దినమున ఆ లెక్క మీరే వ్రాసికొనుడు.

సంఘమునకు ఒక ప్రార్థన. గెలిచిన బిడ్డను వేదికపైకి పిలుచుచున్నాము, మంచిదే. గాయపడి ఇంట కూర్చున్న బిడ్డ యింటికి మనలో నొక్కరైనను పోవలెను. పోయి, ఏ జట్టులో చేరితివని గాక, ఏమి చదువుచున్నావని అడుగవలెను. ఈ యేడు అతడు వచ్చి వెనుక వరుసలో కూర్చున్నాడు. సభానంతరమున వానిని పలుకరింప గోరుచు సెలవు గైకొనుచున్నాను.