కొద్ది ఖర్చుతో చిన్న బొమ్మలకు రంగులు

బల్లపై ఆడు యుద్ధక్రీడలకు బొమ్మలే సైన్యము. ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ ఇట్టి ఆటకు నియమములు కూర్చి 1913లో 'లిటిల్ వార్స్' అను పుస్తకము ప్రకటించెను. ఆ కాలపు సీసపు సైనికులు రంగులతోనే అంగడిలో దొరకెడివి. నేటి బొమ్మలలో పెక్కు రంగులు లేకయే వచ్చును. ఎత్తు సుమారు 28 మొదలు 32 మిల్లీమీటర్లు. రంగులు వేయు పని ఆటగానిదే. కొట్టులోని రంగుల పెట్టెలను, కుంచెల కట్టలను చూచి, ఇది కలవారి వినోదమని ఇంటిపెద్దలు తలచుట సహజము. కాని మొదలుపెట్టుటకు అంత సామగ్రి అక్కరలేదు.

పొదుపు అనగా అన్నియు చౌకగా కొనుట కాదు. ఎచ్చట ఖర్చు పెట్టవలెనో తెలియుట. నీటిలో ముంచి తీసినపుడు వెండ్రుకలన్నియు ఒకే మొనగా కూడునట్టి గుండ్రని కుంచె ఒకటి మంచిది కొనుడు. దానికి తోడు పాతకుంచె ఒకటి చాలును. ఆక్రిలిక్ రంగులలో ఎరుపు, పసుపు, నీలము, నలుపు, తెలుపు ఉండిన తక్కినవి కలుపుకొనవచ్చును. పసుపు, నీలము కలిసి ఆకుపచ్చ యగును. నారింజలో రవంత నీలము చేర్చిన గోధుమవన్నె వచ్చును. పళ్లెములో తడిగుడ్డ మడిచి, పైన బటర్ పేపరు పరచినచో, కలిపిన రంగు త్వరగా ఎండిపోదు. బొమ్మను పట్టుకొనుటకు సీసా మూతపై జిగురుతో నిలిపిన చాలును.

ముందుగా బొమ్మను సబ్బునీటితో కడిగి ఆరనిండు. పిమ్మట ప్రైమరు పలుచగా పూయవలెను. మన కొండపల్లి పనివారు పొణికి కర్రపై మొదట తెల్లని పూత పూసి, ఆపై రంగులు దిద్దుటలోని మర్మము ఇదియే: పునాది పూత లేనిదే రంగు నిలువదు. చిక్కని పూత ఒకటి కంటె పలుచని పూతలు రెండు మేలు. చిక్కని రంగు ముఖకవళికలను పూడ్చివేయును. తరువాత ముదురు గోధుమరంగును నీళ్లవలె పలుచన చేసి పూసినచో, అది మడతలలో దిగి నీడలు చూపును. ఆరిన పిదప పాతకుంచెకు లేతరంగు అద్ది, గుడ్డపై దాదాపు అంతయు తుడిచి, ఎత్తైన అంచులపై తేలికగా రాయుడు, వెలుగు పడినట్లుండును.

ఒక హెచ్చరిక. మొన తీర్చుటకై కుంచెను పెదవులతో తడుపరాదు. 1920 ప్రాంతములందు అమెరికాలో గడియారముల ముఖములకు రేడియము రంగు వేసిన యువతులలో పలువురు ఈ అలవాటు వలననే ప్రాణములు కోల్పోయిరి. పాత సీసపు బొమ్మలను గరుకు కాగితముతో రుద్దరాదు. పసిపిల్లల చేతికి ఈయరాదు. పని ముగిసిన వెంటనే చేతులు కడుగుకొనవలెను.

ఆటలో బొమ్మను మూరెడు దూరము నుండియే చూతురు. కనుక ముఖము, ఆయుధము, పీఠము శుభ్రముగా తీర్చిన చాలును. మొదట ఐదు బొమ్మలు మాత్రమే కొని, అవి పూర్తియైన పిదపనే ఆరవదానిని కొనుడు. రంగు పడక పెట్టెలో మిగిలిన బొమ్మయే ఈ వినోదములో అన్నిటికంటె ఖరీదైనది.