కవల పెయ్య గొడ్డగుటకు కారణము



ఆవు కవలలను ఈనుట అరుదు. ఈనిన యెడల నొకటి కోడెదూడయు, రెండవది పెయ్యయు నైనచో, ఆ పెయ్య పెరిగి పెద్దదైనను సాధారణముగా చూలు కట్టదు. నూటికి తొంబదింటికి పైగా నిట్లే జరుగును. రెండును పెయ్యలే యైనచో ఈ బాధ లేదు. దీనిని దిష్టి యనియు, ఆవును కొన్న వేళ మంచిది కాదనియు పెద్దలు చెప్పుకొనగా వింటిని.

లండనులోని శస్త్రవైద్యుడు జాన్ హంటరు 1779లో ఇట్టి పశువుల లోపలి అవయవములను వర్ణించెను. కారణమును 1916లో చికాగో విశ్వవిద్యాలయపు పండితుడు ఫ్రాంక్ లిల్లీ వివరించెను. ఆవు కడుపులో నీ రెండు పిండముల మావులును కలిసిపోయి, ఒకదాని రక్తము రెండవదానిలోనికి ప్రవహించును. కోడెపిండపు వృషణములనుండి పుట్టు రసములు, అనగా హార్మోనులు, ఆ దారినే పోయి పెయ్యయొక్క గర్భాశయమును పెరుగనీయవు. ఎగువ మడిలో చల్లినది కాలువ వెంట దిగువ మడికి చేరినట్లే.

అవయవములకే కాదు, మెదడునకును ఇట్టి గడువు కలదు. 1959లో అమెరికాలోని కాన్సాసు విశ్వవిద్యాలయమువారు చూలుతోనున్న గినీపందులకు పురుషహార్మోను నెక్కించిరి. వానికి పుట్టిన ఆడుపిల్లలు పెరిగిన పిమ్మట, స్త్రీహార్మోనుల నిచ్చినను ఆడుదాని చేష్టలు తక్కువగను, మగదాని చేష్టలు ఎక్కువగను చూపెను. ఆ మార్పు నిలిచిపోయినది. అదే మందు ఎదిగిన ఆడుదానికిచ్చిన, ఆ ప్రభావము నిలువలేదు. పచ్చికుండపై గీసిన గీత ఆవములో కాలిన పిదప చెరగదు. కాలిన కుండపై పూసిన సున్నము కడిగిన పోవును.

ఎలుకలలో ఈ గడువు పుట్టిన పిమ్మటను కొన్ని దినములు సాగును. అందొక వింత కలదు. మగ ఎలుకపిల్ల మెదడులో పురుషహార్మోను స్త్రీహార్మోనుగా మారి, అదియే మగ లక్షణములను కలిగించును! మరి తల్లి రక్తములోని స్త్రీహార్మోను ఆడుపిండమునేల మార్చదన్న, పిండరక్తములోని యొక మాంసకృత్తు దానిని పట్టి యుంచి మెదడును చేరనీయదు.

మనుష్యుల విషయమున ఇంత నిశ్చయముగా పలుకరాదు; పెంపకము, ఊరు, మాట, అన్నియు కలిసి మనుజుని తీర్చును. అయినను ఒక జన్మవ్యాధి కొంత చెప్పుచున్నది. మూత్రపిండములపై నుండు అడ్రినల్ గ్రంథులు కొందఱు ఆడుశిశువులకు గర్భముననే పురుషహార్మోనును మితిమీరి పుట్టించును. ఆ బాలికలలో పలువురు మగపిల్లల ఆటలయందు మక్కువ చూపుదురని పరిశీలకులు కనుగొనిరి. పెక్కుమంది స్త్రీలుగనే జీవింతురు. ఇది తల్లి చేసిన దోషము కాదు. తల్లిదండ్రు లిరువురినుండియు చెఱియొక పాలు వచ్చినగాని ఈ వ్యాధి కలుగదు.

ఇట్టి శిశువు పుట్టినపుడు ఆడో మగో తెలియక ఇంటివారు సిగ్గుపడి దాచుట కలదు. ఈ వ్యాధి తీవ్రమైన వారికి శరీరములోని ఉప్పు మూత్రముతో పోవును. కొలది వారములలోనే వాంతులు, నీరసము కలిగి ప్రాణము పోవచ్చును. మగశిశువునకైన పైకి గుర్తే కనబడదు, కావున మఱింత ప్రమాదము. దీనికి మందు కలదు, నిత్యము వాడవలెను. సందేహము కలిగిననాడే శిశువును వైద్యశాలకు చేర్చవలెను, పురుడు వెళ్లువరకు ఆగరాదు.