రెండున్నర కిలోలు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కరువు భత్యం బకాయిల గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ మాట్లాడవలసినవారు మాట్లాడారు. భోజనాల వేళయ్యేలోగా ఆటల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను పురమాయించారు.

కిందటేడు మా అబ్బాయి దగ్గరకు అమెరికా వెళ్లినప్పుడు మనవడు నన్ను బౌలింగు హాలుకు తీసుకువెళ్లాడు. నున్నటి చెక్క బాట, దాని చివర పది కర్రలు, వాటిని పడగొట్టడానికి ఒక బంతి. ఆ బంతి పదహారు పౌన్ల వరకూ ఉంటుంది, అంటే ఏడు కిలోల పైమాటే. ఆ ఆటనే వృత్తిగా పెట్టుకుని ఏడాది పొడుగునా ఊరూరా తిరిగి పోటీలాడేవాళ్లున్నారు. 1958 నుంచి వాళ్లకొక సంఘం కూడా ఉంది. నేను తేలికపాటి బంతి తీసుకుని రెండుసార్లు దొర్లించేసరికి భుజం పట్టేసింది. వాడు నవ్వి, "తాతయ్యా, మీ ఊళ్లో ఇంత బరువైన ఆట లేదా?" అన్నాడు. "ఒరేయ్, మా పక్కూరి అమ్మాయి 130 కిలోలు తల మీదికెత్తిందిరా" అన్నాను. వాడు నమ్మలేదు. మీరు నమ్ముతారు, ఎందుకంటే ఆ అమ్మాయి మీకూ తెలుసు. కరణం మల్లీశ్వరి.

మాది ఆమదాలవలస. రైల్వే వాళ్ల బోర్డు మీద శ్రీకాకుళం రోడ్డని ఉంటుంది, అది వేరే సంగతి. పక్కనే ఊసవానిపేట. మల్లీశ్వరి తండ్రిగారు రైల్వే రక్షక దళంలో కానిస్టేబులు. అక్కచెల్లెళ్లందరూ బరువులెత్తే సాధన చేసినవాళ్లే. నేర్పింది నీలంశెట్టి అప్పన్నగారు. కోడి రామ్మూర్తి నాయుడుగారు పుట్టిన ప్రాంతం మనది, వ్యాయామశాల మనకు కొత్త కాదు. కాని అది మగపిల్లల చోటు. ఆడపిల్లలు ఇనుము పట్టుకోవడం ఊళ్లో చాలామందికి వింతగానే ఉండేది.

ఆ చాలామందిలో నేనూ ఒకణ్ణి. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. స్నేహితురాళ్లతో కలిసి తానూ వెళ్తానంది. మా అమ్మ, "ఆడగుంటకి ఇనప బరువులేట్రా? రేపు సంబంధాలొస్తాయేటి?" అంది. నేను అమ్మ మాట వెనక దాక్కున్నాను. నిజం చెప్పాలంటే, అమ్మ అనకపోయినా నేను వద్దనే అందును.

ఇక ఆట సంగతి. ఇందులో రెండు పద్ధతులు. స్నాచ్ అంటే నేల మీది కడ్డీని ఒక్క ఊపున తల పైకెత్తడం. క్లీన్ అండ్ జెర్క్ అంటే ముందు భుజాల దాకా తెచ్చి, అక్కణ్ణుంచి పైకి తోయడం. ఒక్కొక్క దానికి మూడేసి అవకాశాలు. రెండింటిలోనూ ఎత్తిన పెద్ద బరువులు కూడితే మొత్తం. మన పే ఫిక్సేషను కంటే చాలా తేలికైన లెక్క.

మల్లీశ్వరి 54 కిలోల తరగతిలో 1994లోనూ 1995లోనూ ప్రపంచ విజేత. కాని అప్పటికి ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు ఈ పోటీయే లేదు. మొదటిసారి పెట్టింది 2000లో, సిడ్నీలో. ఐదేళ్లు ఆలస్యం. ఈ లోపల పెళ్లయింది, ఒళ్లు పెరిగింది. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కిలోల తరగతిలో వెండి పతకం తెచ్చుకుంది. సిడ్నీకి ఏకంగా 69 కిలోల తరగతికి వెళ్లింది. ఈమె పని అయిపోయిందనీ, లావైపోయిందనీ పత్రికల్లో రాశారు. ఆ రాతలు చదివి నేను కూడా తలాడించాను. చదువుకున్నవాళ్లం కదా, అచ్చులో ఉన్నదల్లా నమ్ముతాం.

2000 సెప్టెంబరు 19. స్నాచ్‌లో 105, 107.5, 110. మూడూ ఎత్తింది. రెండో పద్ధతిలో 125 ఎత్తింది, 130 ఎత్తింది. మొత్తం 240. ఇంకొక్క అవకాశం మిగిలింది. దానికి కడ్డీ మీద పెట్టించిన బరువు 137.5. ఎత్తితే 247.5, బంగారమే. ఎత్తలేకపోయింది.

చివరి లెక్క చూడండి. చైనా అమ్మాయి లిన్ వైనింగ్‌కు 242.5, హంగరీ ఆమె మార్కుష్‌కూ 242.5. సమానమైతే ఒంటి బరువు తక్కువున్నవారిది పైచేయి అని అప్పటి నిబంధన. అలా లిన్‌కు బంగారం, మార్కుష్‌కు వెండి, మన అమ్మాయికి కంచు. తేడా రెండున్నర కిలోలు. బియ్యం కొట్లో తూకం వేసేటప్పుడు మనం పట్టించుకోమే, అంత.

ఇప్పుడు మీలో కొందరు వేళ్ల మీద లెక్క వేస్తున్నారని నాకు తెలుసు. అప్పట్లో బరువులు రెండున్నర కిలోల చొప్పున పెంచేవారు. 130 తరువాత 135 అడిగి, అది ఎత్తినా మొత్తం 245, మిగతా ఇద్దరికంటే ఎక్కువే కదా, ఒక్కసారిగా ఏడున్నర కిలోలు ఎందుకు ఎక్కించారు? ఈ వాదన మా అరుగు మీద పాతికేళ్లుగా నడుస్తోంది. నా మటుకు నాకు అది కాగితం చేతిలో ఉన్నవాడి వాదన. ఫలితాలు అచ్చయ్యాక లెక్క సరిచూసే ఉద్యోగం జీవితమంతా చేశాను. వేదిక మీద నిలబడ్డవాళ్లకు ఆ సౌకర్యం ఉండదు. అయినా ఆ 135 నన్ను వదలదు. ఒక్కోరోజు తెల్లవారుజామున మెలకువ వస్తే అదే గుర్తొస్తుంది. పిచ్చి అనుకోండి.

సిడ్నీ నుంచి ఆ ఏడు మన దేశానికొచ్చిన పతకం అదొక్కటే. ఒలింపిక్స్‌లో భారత మహిళకు అదే మొదటిది. ఆ రాత్రి వార్తల్లో ఆమె మెడలో పతకం చూస్తుండగా అత్తవారింటి నుంచి మా అమ్మాయి ఫోను చేసింది. "నాన్నా, చూశావా?" అంది. చూశానన్నాను. ఆ తరువాత ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎస్టీడీ మీటరు తిరుగుతోందని మాత్రం అనుకున్నాను. అంతకంటే చెప్పవలసిన మాట ఒకటి ఉండెను, చెప్పలేదు.

విజయనగరం మిత్రులు నన్ను కొరకొర చూస్తున్నారు. మీ కొండవెలగాడను మరిచిపోలేదు. నెల్లిమర్ల దగ్గరి ఆ పల్లెలో బరువులెత్తేవాళ్లు లేని వీధి వెతుక్కోవాలంటారు. అక్కడి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల తరగతిలో మూడోస్థానంలో నిలిచింది. మొదటిస్థానంలో ఉన్న నైజీరియా అమ్మాయి మందుల పరీక్షలో దొరికిపోవడంతో కంచు కాస్తా వెండి అయింది. పతకం మారినందుకు ఊరు సంతోషించింది. కాని ఆ నైజీరియా పిల్లకు అప్పటికి పదహారేళ్లు. ఆ వయసు పిల్ల నోట్లో మందు ఎవరు పోశారో అన్నదే నాకు బాధ.

మల్లీశ్వరి 2004 ఏథెన్సు తరువాత పోటీలు మానుకున్నారు. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతి అయ్యారు.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క సంగతి చెప్పి దిగిపోతాను. మా అమ్మాయి కూతురు ఇప్పుడు తొమ్మిదో తరగతి. సాయంత్రాలు బరువుల సాధనకు వెళ్తోంది. తీసుకెళ్లేదీ తీసుకొచ్చేదీ వాళ్లమ్మే. రోజూ రాత్రి ఫోను చేసి, ఎంత ఎత్తిందో మనవరాలు చెబుతుంది, నేను డైరీలో రాస్తాను. కరువు భత్యం లెక్కలు రాసుకునే డైరీయే, వెనక పేజీల్లో. మొన్నటిదాకా 40 దగ్గర ఆగిపోయింది. నిన్న 42.5.